ఆగని చప్పుడు

తాడిపత్రి బైపాసులో వేబ్రిడ్జి కాడ
రాత్రి కాటా రాసే కుళ్ళాయప్ప
టిఫిను డబ్బాకంటే కాస్త పెద్ద కంప్యూటర్ని
తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

"ఒకటే అరుస్తాందప్పా.
నిన్న లారీ హారను కూడా ఇనపల్యా."

విప్పాను. పవర్ సప్లయి అరచేతిలో పట్టేంత.
దాని మూలన ఫ్యాను,
బొటనవేలూ చూపుడువేలూ కలిపితే ఎంత సున్నానో అంతే.
పెద్ద ఫ్యానుకు తీరికుంటుంది,
ఒక్క విసురులో బోలెడు గాలి తోస్తుంది.
దీని రెక్క గోరంత. వేడి మాత్రం ఏం తగ్గింది?
నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగితే గానీ
లోపలి సెగ బయటికి పోదు.
అరవక ఏం చేస్తుంది.

రెక్కల నిండా తెల్లగా నాపరాతి పిండి.
ఈ ఊళ్ళో దేన్ని విప్పినా ఇదే,
మిక్సీలో, గోడగడియారంలో,
ఒకసారి చర్చి వాళ్ళ హార్మోనియంలో.

బ్రష్షుతో దులిపి
వెనక స్టిక్కరు గోటితో సగం లేపి
కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను.
రెండో చుక్క వేయకూడదు.
అది తెలిసేలోగా నాలుగు ఫ్యాన్లు చంపాను.

స్విచ్చేశాను. దీపం వెలిగింది. రెక్క తిరిగింది.
చప్పుడు లేదు.
ఉంది.
సన్నగా, ఆగి ఆగి, చివర చిన్న ఈల.
బేరింగు పోయిందేమో
పెన్సిలు ముక్కతో రెక్కను ఆపాను.
ఉంది.
ప్లగ్గు పీకాను.
ఉంది.
చెవి డబ్బాకు ఆనించాను, బల్లకు ఆనించాను,
తలెత్తితే
స్టూలు మీద కుళ్ళాయప్ప
నోరు కొంచెం తెరిచి
ఊపిరి తీసుకుంటున్నాడు.

"కాటాకు రాకముందు ఏం చేస్తాంటివి?"

"పాలిష్ మిషను మింద, పదమూడేండ్లు.
ఇప్పుడేముందిలేప్పా, కూసోని చేసే పని."

అనేటప్పుడు కూడా పలుకుతూనే ఉంది అది
మాటకీ మాటకీ మధ్య.

నూనె డబ్బా మూత పెట్టాను.
మళ్ళీ తీశాను, ఎందుకో.
రెండొందలు చెప్పాల్సింది నూరన్నాను.
ఎనభై ఇచ్చి
మిగతాది ఒకటో తారీఖన్నాడు.
"అనంతపురం పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించుకో కుళ్ళాయప్పా."

తువ్వాలు ముడి వేస్తున్నాడు, పళ్ళతో కొస పట్టుకుని.
"ఇంగ అరవదు గదా?"

అరవదు అన్నాను,
డబ్బానే చూస్తూ.