అనామిక

దీపం నా పని.
డండీ ఊళ్ళో, పాత మెథడిస్టు చర్చి వెనక హాల్లో
నెలకో శుక్రవారం బధిరుల కవిసమ్మేళనం.
నిచ్చెన మీద నేను, ఒళ్ళో వెయ్యి వాట్ల వేడి.
చెవులు పనిచేసేది నాకూ, టీ కాచే కుర్రాడికీ.

మొదటి నెలే తప్పు చేశాను.
ఎవరో ముసలాయన తన కుక్క చావు చెబుతున్నాడు.
నాటకాల అలవాటు, దుఃఖం రాగానే దీపం తగ్గించాను.
అరవై జతల బూట్లు ఒక్కసారిగా
నేలచెక్కల మీద దబదబలాడాయి.
కిందికి దిగితే మా అమ్మ
నా మొహంలో మొహం పెట్టి రెండు చేతులా తిట్టింది:
మాట్లాడే మనిషి నోరు మూస్తావురా?

ఇవాళ ఐసొబెల్ కిన్నియర్.
డెబ్భై తొమ్మిదేళ్ళు. చేతులు కనబడాలని నల్ల స్వెటరు.
చేతిసంచి కుర్చీకి తగిలించి, కళ్ళద్దాలు సర్దుకుని
కాసేపు చేతులు కిందికి జారవిడిచింది.
అదీ పద్యంలోదేనట.

కుడి అరచేయి ఎడమకి, మళ్ళీ కుడికి.
నాడె.
పడుగులోంచి పేక, పేకలోంచి పొద్దు.
రెండు లఘువులు, ఒక గురువు.
గురువు దగ్గర మణికట్టు బరువెక్కి ఆగుతుంది.
నిచ్చెన మీద నా మోకాలు
నన్నడక్కుండానే తాళం వేస్తోంది.

అదే చదును అరచేయి
కాస్త వంగితే టే నది,
నిలబడితే మిల్లు తలుపు,
బోర్లపడితే జీతం కవరు.
ఎంత పల్చన!
ఇక్కడ ప్రాస అంటే అదే. చేయి అదే, సంగతి వేరు.
ముందు వరస ముసలమ్మలు తలలూపుతున్నారు.
ఆ షెడ్డు వాళ్ళకి తెలుసు.

మూడొందల మగ్గాలు.
మోత మొదలైతే ఎవరి మాట ఎవరికీ వినబడదు.
పెళ్ళి కబుర్లు, సమ్మె కబుర్లు, మేస్త్రీ మీద బూతులు
అందరివీ చేతులే.
పొద్దుట ఏడు నుంచి సాయంత్రం ఐదున్నర దాకా
ఊరు ఊరంతా
ఐసొబెల్ భాష మాట్లాడేది.

తర్వాత సైరన్. దాన్ని అరికాళ్ళతో విన్నట్టు చూపించింది.
మగ్గాలు ఆగాయి. పెదాలు తెరుచుకున్నాయి.
చేతులన్నీ జేబుల్లోకి వెళ్ళిపోయాయి.
ఆమెవి మాత్రం గాల్లో ఉండిపోయాయి, సగం వాక్యంలో.
యతి అనుకున్నాను.
కాదు, బస్సు కోసం నిలబడింది, ఒక్కతే.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వాక సిగ్గేసింది.

జనపనార దుమ్ముంది పద్యంలో, నూనె వాసన ఉంది.
వేలి సంగతి లేదు.
అది మా అమ్మ చెప్పింది.

ఈ దేశపు చేతివర్ణమాలలో అచ్చులు ఐదే.
ఎడమచేతి ఐదు వేళ్ళ కొసల మీద ఉంటాయి,
కుడి చూపుడువేలు తాకితే పలుకుతాయి.
ఓ ఉండేది అనామిక కొసన.
ఐసొబెల్ అనామికకి కొస లేదు,
పంతొమ్మిదో ఏట మగ్గం పట్టుకుపోయింది.
అచ్చుల్ని ప్రాణాలంటారు వ్యాకరణంలో.
తన పేరు నడిమి ప్రాణం
ఏ గోనెసంచిలో కలిసి నేయబడి, ఏ ఓడెక్కి
ఏ దేశపు గోధుమలు మోసిందో.

చివర్న ముద్ర. కవి పేరు.
మధ్యవేలు తాకింది: ఐ.
చిటికెనవేళ్ళు పెనవేసింది: ఎస్.
అప్పుడు కుడి చూపుడువేలు
అనామిక మొండిని దాటి
అంగుళం పైకి వెళ్ళి
గాలిని తాకింది.
మెత్తగా కాదు. కాలింగ్ బెల్ నొక్కినంత గట్టిగా.
మిగతా అక్షరాలు గబగబా, అలవాటుగా.

అరవై జతల చేతులు లేచి రెపరెపలాడాయి.
నేను చప్పట్లు కొట్టాను, బుద్ధిలేక.
టీ కుర్రాడొక్కడే విని ఇటు చూశాడు.

దీపం తగ్గించలేదు.
ఆమె కోటు గుండీలు పెట్టుకుని, సంచి వెతుక్కుని,
ఆఖరి బస్సు ఎన్నింటికని
పక్కావిడని అడిగి తెలుసుకునేదాకా
వెలుతురు ఆ చేతుల మీదే ఉంచాను.