పేరు దగ్గర అడ్డగీత

రాత్రి డ్యూటీలో నా పనంతా చెవిది.
బషీర్‌బాగ్‌లో మూడో అంతస్తు, కిటికీ లేని గది,
చల్లారిన ఇరానీ చాయ్ మీద మడత పడ్డ మీగడ,
రిజిస్టర్‌లో అయిదు గళ్ళు.
మొదటిది పేరుది.
అందులో నేను రాసేది ఒక అడ్డగీత.
పదకొండేళ్ళుగా అదే గీత,
ఇప్పుడు స్కేలు లేకుండానే తిన్నగా వస్తుంది.

మొన్న పన్నెండు దాటాక ఒకతను చేశాడు.
మాట కన్నా ముందు ఊపిరి వచ్చింది,
వెనకాల ఎక్కడో షట్టర్ దించిన చప్పుడు.
"పేరు చెప్పాల్నా అక్కా?"
"వద్దన్నా. చూసింది చెప్పు, చాలు."

కాటేదాన్ అవతల ఒక సందు.
రేకుల మేడ మీద గది, పగలు కూడా తాళం,
చీకటి పడితే లక్క కాగే వాసన.
"దినాం పదిమందికి సరిపోయే టమాటలు,
కొత్తిమీర కొంటరక్కా,
ఇంట్ల ఉండేది ఇద్దరే అంటరు.
ఒకనాడు కిటికీల చెయ్యి కనబడ్డది.
చిన్న చెయ్యి.
వేళ్ళ నిండ మెరుపులు."

సందు రాశాను, మేడ రాశాను,
తాళం, వాసన, చెయ్యి రాశాను.
కొత్తిమీర మాట రాయలేదు.
అది రాస్తే పేరు రాసినట్టే.

"నాలుగు వందల పదిహేడు గుర్తు పెట్టుకో అన్నా,
మళ్ళీ చేస్తే అదే నీ పేరు."

పొద్దున్న ఎస్సై విద్యాసాగర్ గారు
కాగితం అటూ ఇటూ తిప్పి
"ఎవడో తెలిస్తే పని సులువు కదమ్మా" అన్నారు.
సులువే సార్,
మనకు.
మీరు రాకముందు ఒక జీపు
ఫోన్ చేసినామె గుమ్మం ముందే ఆగి
"చేసింది నువ్వేనా?" అని
నలుగురూ వినేలా అడిగింది.
ఆమె మళ్ళీ చెయ్యలేదు.
ఆ బస్తీ బస్తీయే మళ్ళీ చెయ్యలేదు.

అన్నీ నిజాలే రావు, అదీ తెలుసు.
అద్దె పెంచిన ఓనరు మీద కిరాయిదారు,
గోడ జరిపిన తమ్ముడి మీద అన్న.
పగ ఎప్పుడూ తడబడదు,
చిరునామా పిన్‌కోడ్‌తో సహా చెబుతుంది.
భయమే నీళ్ళు నములుతుంది.
అయినా రెండూ రాస్తాను,
తేల్చడం కాళ్ళ పని, చెవి పని కాదు.

ఈసారి ముందు ఖాకీ పోలేదు.
కరెంటు మీటరు చూసేవాళ్ళలా ఇద్దరు పోయారు,
ఒకతను నిజంగానే రీడింగ్ రాసుకొచ్చాడు.
ఇద్దరు మనుషులకు అంత కరెంటా!
మూడో తెల్లారుజామున తాళం పగిలింది.
ఆ ఒక్క గది కాదు,
సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా తలుపులు తట్టారు,
ఏ నోట జారిందో ఏ ఇంటికీ అందకుండా.

తొమ్మిది మంది.
అందరికన్నా చిన్నవాడు వెలుగు ఓర్చుకోలేక
అరచేతులతో కళ్ళు మూసుకున్నాడట,
తీసేసరికి మొహమంతా మెరుపులట.

ఆ రాత్రి ఫోను.
"నాలుగు వందల పదిహేడు."
"దొరికిన్రన్నా. తొమ్మిది మంది."
అవతల చాలాసేపు రోడ్డు మాత్రమే వినబడింది.
ఇనాం సంగతి ఎత్తేలోపు లైను తెగింది.

ఆదివారం చెల్లెలింటికి పోతూ
మైలార్‌దేవ్‌పల్లి మలుపులో తోపుడుబండి దగ్గర ఆగాను.
"ఏమియ్యాల్నక్కా?"

అదే గొంతు.

నోరు తెరిచి, మూసుకున్నాను.
అతని గొంతు నాకు తెలిసినప్పుడు
నా గొంతు అతనికి తెలియదా?
వేలితో టమాటలు చూపించాను.
రెండు వేళ్ళెత్తాను, రెండు కిలోలు.
మూగదాన్ననుకున్నాడు పాపం,
ధర కూడా వేళ్ళతోనే చెప్పాడు.
తూచి, సంచీలో పోసి,
పైన ఒక కొత్తిమీర కట్ట పడేశాడు,
పైసలొద్దని చెయ్యూపాడు.

రాత్రి రిజిస్టర్ తెరిచేసరికి
వేళ్ళకు ఇంకా ఆ వాసనే.
ఫోను మోగకముందే
కొత్త పేజీలో, మొదటి గడిలో
గీత గీసి పెట్టుకున్నాను.