కర్త ఉన్న వాక్యం

ఆ ఫోను వింటోందా, గిర్ట్స్?
సరే, విననీ.
నాకు తొంభై ఒకటి. చెవులు పోయాయి,
వేళ్ళు పోలేదు.

నలభై తొమ్మిది, మార్చి.
గౌయా నది మీద మంచు పగులుతున్న వారం.
కమిటీ ఆఫీసులో రాత్రిపూట నేనూ,
ఓ రష్యన్ అక్షరాల మిషనూ,
పొయ్యిలో తడికట్టెల పొగా.
నుదుటిరాత అంటుంటారే,
మా తాలూకాలో నలభై నాలుగు కుటుంబాలకి
ఆ రాత మూడు కాపీలు కొట్టింది నేను,
మధ్యలో కార్బను కాగితాలు పెట్టి.

ముప్ఫై ఒకటో పేరు స్కుయిన్ష్.
ముగ్గురు పిల్లలు, చిన్నదానికి తట్టు.
వాళ్ళ ఉప్పు తిన్నానా, వాళ్ళతో మాట్లాడానా? లేదు.
దారిలో ఒకసారి ఆ పిల్ల దగ్గు విన్నాను, అంతే.
ముప్ఫై రెండో మనిషిని
ముప్ఫై ఒకటిగా కొట్టాను.
'ష' మీట ఇరుక్కుంది, గజిబిజైందని
ఓ అబద్ధం నాలుక కింద పెట్టుకున్నాను.
ఎవరూ అడగలేదు.

లెఫ్టినెంటు వేలితో లెక్కపెట్టాడు. నలభై మూడు.
కోపం కూడా రాలేదతనికి.
"ఒకటి తక్కువ" అన్నాడు.
అదనపు జాబితా నా ముందుకి తోసి
"ఏదో ఒకటి వెయ్యి. ట్రక్కులు నాలుగింటికి"
అంటూ టీ కోసం వెళ్ళాడు.

ఇక్కడ ఆపకు ఫోను.
ఆ గదిలో నేనొక్కదాన్నే. తుపాకీ లేదు.
కాగితం మీద పదకొండు పేర్లు.
కళ్ళు మూసుకోలేదు. ఏరనూ లేదు.
మొట్టమొదటి పేరే కొట్టాను,
ఏరలేదు అని తర్వాత చెప్పుకోడానికి.
ఆ 'తర్వాత' గురించి అప్పుడే ఆలోచించినదాన్ని
ఆ పేరు గురించి ఆలోచించలేదు.

ట్రీనె వనాగ. వితంతువు, ఒక కూతురు.
తేనెపెట్టెలు ఉండేవట, ఎప్పటికో తెలిసింది.
ఏప్రిల్లో ఎవరూ వాటి మూతలు తియ్యలేదట.
కూతురు యాభై ఆరులో తిరిగొచ్చింది. ఒక్కతే.
ఆ పొద్దున నేను చేతులు కడుక్కున్నాను.
కార్బను నలుపు గోళ్ళ పక్కన
నాలుగు రోజులుంది.

స్కుయిన్షా? తాగుబోతయ్యాడు. పెళ్ళాన్ని కొట్టేవాడు.
తట్టు పోసిన పిల్ల పళ్ళ డాక్టరైంది.
నా దవడపన్ను ఆవిడే పీకింది,
రూబుళ్ళు లెక్కపెట్టి తీసుకుంది.
నోరు తెరిచే ఉంది,
చెప్పలేకపోయాను.

ఇప్పుడు నువ్వు అంటున్నావు, మెల్లగా, తల వంచి:
"మీ చేతిలో ఏముంది మామ్మగారూ, కాలం అలాంటిది."
నా చేతిలోనా?
నలభై రెండు మీటలున్నాయి బాబూ.

నిజమే, ఆ నలభై నాలుగు అన్న అంకె నాది కాదు.
ట్రక్కులు నావి కావు.
ఆకలి నాదే, నేను తెచ్చుకున్నది కాదు.
నేను కాకపోతే ఇంకో పిల్ల కొట్టేది, నాకన్నా వేగంగా.
డెబ్బై రెండేళ్ళుగా నాకు నేను వినిపించుకున్నవే ఇవన్నీ,
నీకన్నా బాగా వాదించగలను.
కానీ ట్రీనెని కాలం ఖాతాలో రాస్తే
తట్టు పిల్లనీ అక్కడే రాయాలి గదా?
ఒక పేరు దాటేసిన వేలు నాదైతే
ఇంకో పేరు మీద పడిన వేలు ఎవరిది?
నా తప్పు తీసుకుపోదామని వచ్చావు, మంచివాడివి.
పోతూ పోతూ నా ఒప్పు కూడా
సంచీలో వేసుకుపోతున్నావు, చూసుకో.

ఆ కాగితం ఇలా ఇవ్వు. ఏం రాశావు?
"జాబితా తయారుచేయబడినది."
కర్మ ఉంది, క్రియ ఉంది. కర్త ఏదీ?
ఆ లెఫ్టినెంటు పోయినా
అతని వాక్యం ఇంకా ఉద్యోగంలోనే ఉందన్నమాట.

కొట్టెయ్యి.
కలం ఇవ్వు, నేనే రాస్తాను.
చెయ్యి వణుకుతోంది, టైం పడుతుంది.
కూర్చో.
వాకిట్లో ట్రక్కేం ఆగి లేదుగా.