ఎన్ని మిరపకాయలు?

వియంటియాన్‌లో మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు.
పచ్చి బొప్పాయిని అరచేత నిలబెట్టి
టకటకా గాట్లు పెడుతోంది మాలీవన్.
పోగులు పోగులుగా రోట్లోకి రాలుతోంది తెల్లటి కండ.

వెల్లుల్లి, బెల్లం, తుంచిన అలసంద కాయలు,
నలిగీ నలగని టమాటా,
ఊరిన చేపరసం రెండు చుక్కలు.
నిమ్మచెక్క పిండితే
వేలిమీద పాత గాటు చురుక్కుమంది.
మిరపకాయలు మాత్రం ఇంకా వెయ్యలేదు.

మట్టి రోలు, చెక్క రోకలి.
దంచే చప్పుడు గోడ దాటకుండా ఉండదు.
అవతల తోడికోడలు చన్సమోన్.
కుళాయి దగ్గర మాటా మాటా పెరిగి మూడు రోజులు.

గుమ్మంలో నీడ పడింది.
చేతిలో జిగురన్నం బుట్ట, చూపు నేలమీద.

"ఎన్ని?"
"నాలుగు."
ఏడు వేసి దంచింది.

కరకరా నములుతూ ఇద్దరూ
ముక్కులు ఎగబీల్చారు, కళ్ళు తుడుచుకున్నారు.
కారం వల్లేనట.