అర మిల్లీ

రాత్రి షిఫ్టులో ఓడ కడుపులోంచి
టన్నులకి టన్నులు బొగ్గు ఎత్తి పోశాను.
తెల్లారి, జ్ఞానాపురం వంటింట్లో
గినీపిగ్గు నోటికి ఈ అర మిల్లీ అందించడానికి
చెయ్యి వణుకుతోంది.

"వెల్లకిలా పడుకోబెట్టకు నాన్నా,
ఊపిరితిత్తుల్లోకి పోతాది" అంది రోజ్‌లిన్,
డాక్టరమ్మ గొంతుతో.
కూర్చోబెట్టాను, పాత తువ్వాల్లో చుట్టి,
నా పొట్టకి ఆనించి.

ముందుపళ్ల వెనక్కి, పక్కనుంచి, సిరంజి మొన.
నానిన గడ్డిముద్ద ఓ చుక్క.
ఆగు.
మింగిందా? దవడ కదలాలి.
కదల్లేదు.
కిటికీ ఊచల మీద మళ్లీ నల్లటి పొడి,
నిన్న తుడిచిందే. నేనెత్తిందే.

ఏటే ముంతా,
కొత్తిమీర కవరు చప్పుడుకే ఈలేసేదానివి కదే.

కూరగాయల కాటా మీద ఏడొందల ఇరవై.
నిన్న ఏడొందల ముప్పై.
రోజ్‌లిన్ కేలెండరు మీద రాసింది,
ఏమీ అనకుండా లెక్కల పుస్తకం సర్దుకుంది.

మళ్లీ ఓ చుక్క. తొందరపెట్టకూడదు.
రేవులో ఓడ కూసింది.
దవడ...
ఒకసారి, పక్కకి.
గడ్డం కింద పచ్చటి తడి తుడిచాను.

బడి ఆటో వచ్చేసింది.
"పెంటికలు లెక్కపెట్టు నాన్నా!" గేటు దగ్గర్నుంచి కేక.
మూడు. చిన్నవి.
సాయంత్రం దాకా దాచి చూపించాలి.