మధ్య

షాగ్ పాయింట్ ఇంటికి చేరేసరికి
నా జీపు మోకాలి దాకా బురద తొడుక్కుంది.
పశ్చిమ ఫాక్‌లండ్‌లో ఈ వైపు రోడ్డంటే
నిన్నెవరో ఇటు వెళ్ళారన్న పుకారు.

నేను తిరుగుడు టీచర్ని.
రెండు వారాలు ఈ ఇంట్లో, రెండు వారాలు ఆ ఇంట్లో,
మరో రెండు జలసంధి అవతల,
గాలి ఒప్పుకుని విమానం ఎగిరితే.
బడి మొత్తం ముగ్గురు పిల్లలు.
హాజరు పిలవాలంటే
పేరుకో పగలు ప్రయాణం.

ఈ ఇంటి పేరు టామ్సిన్. తొమ్మిదేళ్ళు.
వంటింటి బల్లే తరగతి.
పీట్ పొయ్యి పక్కన అట్టపెట్టెలో
తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల,
లెక్కలప్పుడు మాత్రమే అరుస్తుంది.

ఇవాళ పాఠం జంటమాటలు.
మా భాష కొరతని ఒంటరిగా పంపదు,
తోడిచ్చి పంపుతుంది:
ఫ్యూ అండ్ ఫార్ బిట్వీన్.
ఉన్నవి కొన్నే, అవీ ఎడంఎడంగా, అన్నాను.
ఏదీ, వాక్యంలో పెట్టు.

"చెట్లు..." అని నేనే అందించాను.
కిటికీలోంచి చూసింది.
పడమటి గాలికి నడుం వంగిపోయి
తూర్పుకి దణ్ణం పెడుతున్న సైప్రస్ ఒక్కటి.
ముత్తాత నాటిన నలభైలో బతికింది.
"ఒక్కటే కదా మిస్.
మధ్య రావాలంటే రెండుండాలి."

పోనీ అరటిపళ్ళు? ఇక్కడవి నల్లపూసలేగా.
"ఒకే పెట్టెలో వస్తాయి మిస్,
ఒకదాన్నొకటి ఒరుసుకుని.
అన్నీ ఒక్కరోజే నల్లబడతాయి.
వాటికి దూరమెక్కడ?"

గొర్రెలు నాలుగు వేలు, వాటికి సరిపోదు.
పెద్దబాతులకి సరిపోదు.
గాలికి అసలే సరిపోదు.
పెన్సిలు కొరుకుతూ గొంతు తగ్గించి
"నాన్న మాటలు?" అంది.
పొయ్యి దగ్గర బూట్లు ఆరబెడుతున్న డెస్మండ్
"వినపడింది" అన్నాడు.
ఆ పూటకి ఆయన మాట్లాడింది అదే.

ఇరవై రెండేళ్ళుగా ఈ మాట చెబుతున్నాను.
మొదటి పదం వేళ్ళది, లెక్కపెట్టుకోవచ్చు.
రెండోది కాళ్ళది, నడిస్తే తెలుస్తుంది.
మూడోదాన్ని నేనెప్పుడూ పిలవలేదు.
గ్రూప్ ఫొటోలో చివర నిలబడి
సగం భుజం తెగిపోయినా
ఏమీ అడగని పిల్లలాంటిది.

రాత్రి రేడియోలో ఎల్విన్‌ని పిలిచింది.
అటు కొండ దాటి ముప్పై మైళ్ళు.
"నీ వాక్యం ఏంటి? ఓవర్."
ఓవర్ అన్నాక ఆగాలి.
ఉప్పుగాలి, గరగర, ఎవరిదో పడవ దగ్గు.
టామ్సిన్ రెండు చేతులా మైకు పట్టుకుని
ఆ గరగరనే వింటోంది,
అది కూడా ఎల్విన్ మాటల్లో భాగమైనట్టు.
"చేపలు" అన్నాడు చివరికి. "ఓవర్."
"అబద్ధం. ఓవర్."

వెళ్ళే రోజు పొద్దున్న నోటుబుక్కు నా ముందుకి తోసింది.
*మా మిస్ రావడాలు కొన్నే, ఎడంఎడంగా.
మధ్యలో నేనుంటాను.*

ఒక స్పెల్లింగు దిద్దాను.
రెండో వాక్యం ఈ పాఠంలోకి రాదని చెప్పాలి.
చెప్పలేదు.
ఎర్ర పెన్ను మూత వెతుకుతూ ఉండిపోయాను చాలాసేపు.

దారిలో ఏడు గేట్లు.
దిగి తీయాలి, ఎక్కి దాటాలి,
మళ్ళీ దిగి మూయాలి,
లేకపోతే ఒకరి గొర్రెలు ఇంకొకరివవుతాయి.
నాలుగో గేటు దగ్గర ఇంజను ఆపాను.
వెనక ఇల్లు కనపడదు, ముందు ఇల్లు కనపడదు.
తాళ్ళు బిగించడానికి గ్లవ్స్ కోసం తడిమితే
కోటు జేబులో గొర్రెపిల్ల పాలసీసా,
ఇంకా గోరువెచ్చగా.