కొలత కుర్రాడు

వెలంపేటలో మూసేసిన స్టూడియో నుంచి
పదకొండు చెక్కపెట్టెలొచ్చాయి.
అన్నీ గాజు పలకలే. ఒక్కోదానికీ చుట్టిన
పాత పత్రికల కాగితం.
విప్పితే సముద్రం వాసనొస్తుందనుకున్నాను.
బొద్దింకల వాసనొచ్చింది.

నా పని చిన్నది.
పలకని దీపప్పెట్టె మీద పెట్టడం,
నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా చదువుకోవడం,
చీటీ రాయడం:
కట్టడం పేరు, వీధి, తెలిస్తే సంవత్సరం,
ఎక్కడ పగిలింది.

గాజులో ఊరు తిరగబడి ఉంటుంది.
ఆకాశం బొగ్గు. యారాడ కొండ జున్నుముక్క.
సున్నం కొట్టిన గోడలన్నీ మసిబారి,
వాటి ముందు ఎండకి మాడిన మనిషెవడైనా ఉంటే
వాడొక్కడే తెల్లగా వెలుగుతుంటాడు.

అలా కనబడ్డాడు.
టౌన్ హాల్ మెట్ల దగ్గర, స్తంభానికి ఆనకుండా,
చేతులు రెండూ తొడలకి అంటించి,
నిటారుగా.
దారినపోయే గుంటడనుకున్నాను.
తర్వాతి పలకలో దీపస్తంభం కింద వాడే.
కురుపాం మార్కెట్ కమాను కింద వాడే.
రాస్ కొండ మీద చర్చి గోడ పక్కన,
గాలికి చొక్కా బూరెలా పొంగినా
మెడ తిప్పకుండా, వాడే.

ఫోటోలు తీసిన మజ్జి కూర్మయ్య పద్దు పుస్తకంలో
మందులు, బండి కిరాయి, జవానుకి చుట్టలు,
ఆ కింద ప్రతిసారీ ఒకే వరుస:
కొలతకి కుర్రాడు, అర్ధణా.

పేరు లేదు.
మేడ ఎంతెత్తో చూసేవాళ్ళకి తెలియాలంటే
పక్కన మనిషొకడుండాలి కదా.
ఆ మనిషి.

నేనూ స్కేలు పక్కన పడేసి కొలిచాను.
టౌన్ హాల్: తొమ్మిదిమంది కుర్రాళ్ళు, ఒకడి భుజాల మీద ఇంకొకడు.
కమాను: ఆరుగురు, ఆ పైన ఒక తల.
దీపస్తంభం: సగంలో లెక్క తప్పి
అందర్నీ దింపి మళ్ళీ ఎక్కించాను.

ఇంటికెళ్తుంటే సిరిపురం దగ్గర బస్సాగుతుంది.
అద్దాల మేడ కింద కుర్చీలోంచి లేచిన వాచ్‌మన్‌ని
పైకి పైకి పేరుస్తాను.
పద్దెనిమిదో వాచ్‌మన్ దగ్గర సిగ్నల్ పడుతుంది.

నాలుగో పెట్టెలో మళ్ళీ టౌన్ హాలే.
అదే స్తంభం, అవే మెట్లు. ఎత్తు మాత్రం ఏడుగురే.
గాభరా పడి రెండుసార్లు లెక్కపెట్టాను.
కట్టడం కుంగిందా, నా కళ్ళు పోయాయా?
అప్పుడు చూశాను, వాడి పైపెదవి మీద
గుండుసూదితో గీసినంత మీసం.

ఏడో పెట్టె నుంచి వాడు లేడు.
పద్దులో కూర్మయ్య రాత కాస్త విసుగ్గా ఉంది:
కుర్రాడు రాలేదు. రేవు తవ్వకంలో కుదిరాడట.
కొలతకి గొడుగు.
ఆ తర్వాత కట్టిన బంగళాలన్నిటికీ
నల్లగొడుగొకటి ఆనించి ఉంటుంది.
గొడుగుకి అర్ధణా ఇవ్వక్కర్లేదు.
అది పెరగదు కూడా.

చివరి పెట్టెలో ఒక వెడల్పు పలక.
కొండ మీంచి తీసిన ఊరంతా:
పెంకుల కప్పులు, మసీదు, గుడి, చర్చి,
అడుగున, చీలిన మూలలో, కొత్త రేవు.
తట్టలు మోసేవాళ్ళు బారులు తీరి ఉన్నారు.
కెమెరా మూత తెరిచి మూసేలోగా
అందరూ నాలుగడుగులు నడిచేశారు కాబట్టి
అందరూ పొగ.
భూతద్దం పెట్టాను.
పొగలో ఒక్క చుక్క కదల్లేదు.
తట్ట నెత్తిన లేదు, పక్కన నేల మీదుంది.
చేతులు రెండూ తొడలకి.

స్కాన్ చేసే గొంప కిరణ్మయి
తెర మీద దాన్ని పెద్దది చేసి చూసి,
"ఇదేటండీ, దుమ్ములాగుంది, తుడిచీమంటారా?"
అంది.

ఉంచమ్మా, అన్నాను.
ఎందుకని అడిగితే చెప్పేదాన్నేమో.
ఆ పిల్ల అప్పటికే పక్క పలక
కాగితం విప్పుతోంది.